నీటికి మూడు మజిలీలు: నది, సరస్సు, సముద్రం

ఒకనాడు తరగతిలో జలచక్రాన్ని గురించి పాఠం చెబుతుండగా, వెనుక వరుసలోని విద్యార్థి ఒకడు లేచి ఇట్లా అడిగాడు: "గోదావరి నీళ్లు తీపి. కృష్ణ నీళ్లు తీపి. పెన్న నీళ్లూ తీపే. వాన నీళ్లయితే చెప్పనే అక్కరలేదు. సముద్రంలోకి చేరేవన్నీ మంచినీళ్లే అయినప్పుడు సముద్రం మాత్రం ఉప్పగా ఎందుకు వున్నదండీ?"

తక్కిన పిల్లలు నవ్వారు. కాని అది నవ్వవలసిన ప్రశ్న కాదు. 1715లో ఇంగ్లండు దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ హాలీ ఈ విషయాన్ని గురించే ఒక వ్యాసం ప్రకటించాడు. తోకచుక్కకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ హాలీయే ఈయన. ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే ఉప్పు సంగతి తెలియడమేగాక, నదికి, సరస్సుకు, సముద్రానికి గల అసలు భేదం కూడా బోధపడుతుంది.

పారేది నది, నిలిచేది సరస్సు, అంతులేనిది సముద్రం అని చిన్న తరగతులలో చదువుకున్నాం. ఆ వయస్సుకు అది చాలును. కాని పరిమాణాన్నిబట్టి చూస్తే చిక్కు వస్తుంది. కాస్పియన్ సముద్రం పేరుకు సముద్రమే అయినా, నలువైపులా భూమి ఆవరించివున్న సరస్సు అది. కనుక ఏ జలాశయాన్ని చూచినా మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. నీరు ఏ దారిన లోపలికి వస్తున్నది? ఏ దారిన బయటకు పోతున్నది? రావడానికి, పోవడానికి నడుమ ఎంతకాలం వుంటున్నది? ఈ మూడింటికి జవాబు దొరికితే ఆ నీటి స్వభావం చాలవరకు తెలిసినట్లే.

వెయ్యి లీటర్ల తొట్టి

భూమిమీద వున్న నీరంతా సుమారు 138 కోట్ల 60 లక్షల ఘన కిలోమీటర్లు. ఇంత పెద్ద అంకె మనస్సుకు పట్టదు. అందుచేత ఆ నీటినంతటిని వెయ్యి లీటర్లు పట్టే తొట్టిలో పోసినట్లు ఊహించండి. అందులో 965 లీటర్లు సముద్రపు నీరే. మంచినీరు 25 లీటర్లు మాత్రమే. భూగర్భంలోను, కొన్ని సరస్సులలోను వున్న ఉప్పునీరు తక్కిన పది లీటర్లు.

ఆ 25 లీటర్ల మంచినీరైనా మనకు అందుబాటులో వున్నదా అంటే, లేదు. అందులో 17 లీటర్లకు పైగా ధ్రువప్రాంతాలలోను, ఎత్తైన పర్వతాలమీద మంచుగడ్డగా వున్నది. దాదాపు ఏడున్నర లీటర్లు భూగర్భజలం. లోకంలోని మంచినీటి సరస్సులన్నీ కలిపితే మన తొట్టిలో ఒక చిన్న టీ గ్లాసెడు అవుతాయి. ఇక గంగ, గోదావరి, నైలు, అమెజాను మొదలైన నదులన్నింటిలో ఏ క్షణాన చూచినా వుండే నీరు ఒకటిన్నర మిల్లీలీటర్లు. అంటే ముప్పది చుక్కలు!

ముప్పది చుక్కలతో ఇన్ని కోట్ల జనం, ఇన్ని కోట్ల ఎకరాల పైరు బ్రతుకుతున్నదంటే ఆశ్చర్యం కలుగుతుంది. కాని నదిని కొలవవలసినది నిలువతో కాదు, రాకపోకలతో.

నది: నీటికి దారి

సూర్యుని వేడికి సముద్రంనుండి సాలుకు సుమారు 5 లక్షల ఘన కిలోమీటర్ల నీరు ఆవిరి అవుతున్నది. అందులో చాలాభాగం తిరిగి సముద్రంమీదనే వానగా పడుతుంది. కొంతభాగం గాలులతో భూమిమీదికి వస్తుంది. భూమిమీద పడిన వానలో మళ్లీ ఆవిరైనది పోగా, సుమారు 40 వేల ఘన కిలోమీటర్లు నదుల వెంట ఏటా సముద్రం చేరుతున్నది.

ఏదో ఒక క్షణాన నదులన్నింటిలో కలిపి వుండే నీరు సుమారు 2,120 ఘన కిలోమీటర్లు. నలభై వేలను దీనితో భాగించండి. దాదాపు 19 వస్తుంది. అనగా నదులలోని నీరు ఏడాదికి సుమారు 19 సార్లు పూర్తిగా మారిపోతున్నది. సగటున ఒక నీటిబొట్టు నదిలో వుండేది మూడు వారాల లోపే.

ఇంటి పెట్టెలో దాచిన సొమ్ము వేరు, నెలనెలా వచ్చే జీతం వేరు. నది మనకు దాచిన సొమ్ము కాదు, జీతం. వానలు సక్రమంగా పడి, వచ్చే దారి చెడకుండా వున్నంతకాలమే అది వస్తుంది.

మన గోదావరినే తీసుకుందాం. అది మహారాష్ట్రలో నాసిక్ సమీపాన త్ర్యంబకేశ్వరంవద్ద పుట్టుతున్నది. అక్కడికి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్ల దూరమే. అయినా అటు పోక, తూర్పుగా 1,465 కిలోమీటర్లు ప్రయాణంచేసి బంగాళాఖాతంలో కలుస్తున్నది. దక్కను పీఠభూమి పడమట ఎత్తుగా, తూర్పుకు వాలుగా వుండడమే ఇందుకు కారణం. దారిలో మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మున్నగు ఉపనదులు వచ్చి చేరుతున్నవి. ఈ విధంగా 3 లక్షల 12 వేల చదరపు కిలోమీటర్ల నేలపై పడిన వానను గోదావరి ఒక్కచోటికి చేరుస్తున్నది. ఇంత నేలను దాని పరీవాహక ప్రాంతం అంటారు.

ఆ నేలనుండి వచ్చేది నీరు మాత్రమే కాదు. కంటికి కనిపించే ఒండ్రుమట్టి, కంటికి కనిపించని లవణాలు కూడా నీటితో వస్తున్నవి. ధవళేశ్వరం దాటిన తరువాత నది పాయలుగా చీలి, వేగం తగ్గి, మట్టిని దించుతుంది. వేల సంవత్సరాలుగా అట్లా దించిన మట్టితోనే డెల్టా ఏర్పడినది. లవణాలు మాత్రం నేరుగా సముద్రానికి పోతున్నవి. మన విద్యార్థి ప్రశ్నకు ఇక్కడే ఒక కొస దొరుకుతున్నది.

ఉప్పు ఎక్కడిది?

నదినీరు తియ్యగా వున్నదంటే అందులో లవణాలు లేవని అర్థం కాదు. మన నాలుకకు తెలియనంత స్వల్పంగా వున్నవని అర్థం. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కరిగించుకొని కొద్దిపాటి ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు రాళ్లమీదుగా, మట్టిగుండా పోతూ వాటిలోని ఖనిజాలను కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. లోకంలోని నదులను సగటున చూస్తే లీటరు నీటిలో కరిగివున్న లవణాలు సుమారు 120 మిల్లీగ్రాములు. సముద్రపు నీటిలోనో, కిలోకు 35 గ్రాములు. అంటే దాదాపు 300 రెట్లు!

సముద్రంలోకి నీరు రావడానికి దారులు చాలా వున్నవి. పోవడానికి మాత్రం ఆవిరి కావడం ఒక్కటే దారి. ఆవిరి అయ్యేటపుడు నీరు పైకి లేస్తుంది, ఉప్పు క్రిందనే నిలిచిపోతుంది. చినగంజాం ఉప్పు మళ్లలో రైతులు ఎండ సహాయంతో చేసే పని ఇదే. వచ్చినవాడు తిరిగి వెళ్లేటపుడు మూటను అక్కడే విడిచిపోతే, కొంతకాలానికి ఆ యిల్లు మూటలతో నిండిపోదా? సముద్రం సంగతీ అంతే.

హాలీ తన వ్యాసంలో సముద్రంతోపాటు, బయటకు నది వెడలని సరస్సులను కూడా చేర్చి చెప్పాడు. అదే ఆయన సూక్ష్మదృష్టి. అట్టి సరస్సులు చాలావరకు ఉప్పుగానే వుంటవి. రాజస్థానంలోని సాంభర్ సరస్సు, మహారాష్ట్రలో ఉల్క పడి ఏర్పడిన లోనార్ సరస్సు ఇందుకు తార్కాణం. పశ్చిమాసియాలోని మృతసముద్రం సాధారణ సముద్రంకంటె దాదాపు పది రెట్లు ఉప్పన. ఇవి సముద్రంతో పోల్చదగినంత పెద్దవి కావు. అయినా నీరు పోవడానికి ఆవిరి తప్ప వేరు దారి లేనందున సముద్ర లక్షణమే వీటికి పట్టుకున్నది.

ఈ సూత్రాన్ని పట్టుకొని 1899లో ఐర్లండు శాస్త్రజ్ఞుడు జాన్ జోలీ ఒక లెక్క వేశాడు. సముద్రంలో వున్న సోడియంను, నదులు ఏటా తెచ్చే సోడియంతో భాగించి, సముద్రం వయస్సు 8 లేక 9 కోట్ల సంవత్సరాలని తేల్చాడు. లెక్క ముచ్చటైనదే కాని, తప్పు. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలని ఈనాడు మనకు తెలుసు.

పొరపాటు ఎక్కడ జరిగినది? వచ్చిన లవణం ఎన్నటికీ పోదని జోలీ అనుకున్నాడు. నిజానికి నీటికంటె చాలా నెమ్మదిగానైనా లవణాలు కూడా సముద్రంనుండి బయటకు పోతున్నవి. నత్తలు, గుల్లలు, పగడపు పురుగులు సున్నపు పదార్థాన్ని తీసుకొని తమ కవచాలు కట్టుకుంటవి. కొంత లవణం అడుగున బురదలో చేరుతుంది. కొంత ఉప్పు పొరలుగా గట్టిపడుతుంది. ఇటువంటి కారణాలవల్లనే, నదులు తెచ్చే లవణాల పాళ్లు ఒకటి, సముద్రంలో నిలిచిన లవణాల పాళ్లు మరొకటి. సముద్రానికి లవణాలనిచ్చేవి నదులు మాత్రమే కాదు. అగ్నిపర్వతాల వాయువులు, 1977లో గాలపగోస్ దీవుల సమీపాన సముద్రపు అడుగున కనుగొన్న వేడినీటి ఊటలవంటివి కూడా ఈ రాకపోకలలో పాలుపంచుకుంటవి.

సముద్రం: నిలువ

సముద్రాలు భూతలంలో నూటికి 71 పాళ్లు ఆక్రమించివున్నవి. వాటి సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా అగాధంలో లోతు 10,900 మీటర్లు మించుతుంది. ఎవరెస్టు శిఖరాన్ని అందులో దించినా, పైన ఇంకా రెండు కిలోమీటర్లు నీరుంటుంది. మొత్తం సముద్రజలాన్ని ఏటా ఆవిరి అయ్యే నీటితో భాగిస్తే 2,600కు పైగా సంవత్సరాలు వస్తుంది. నదిలో మూడు వారాలైనా వుండని నీటిబొట్టు, సముద్రం చేరితే సగటున అన్ని వేల యేండ్లు అక్కడ వుండిపోతుందన్నమాట.

1872 నుండి 1876 వరకు ఛాలెంజర్ అనే ఓడ లోకంలోని సముద్రాలనెన్నింటినో పరిశోధించినది. అది తెచ్చిన 77 నమూనాలను విలియమ్ డిట్‌మార్ పరీక్షించి, 1884లో ఫలితాలు ప్రకటించాడు. ఉప్పదనం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కావచ్చును. కాని ప్రధానమైన లవణాల పరస్పర నిష్పత్తి మాత్రం అన్నిచోట్లా దాదాపు ఒకటే. అంటే లోకంలోని సముద్రాలన్నీ తమలో తాము కలుస్తూ, ఒకే జలరాశిగా వున్నవి.

ఉప్పదనం మారుతుందన్నాం గదా, దానికి మన తీరమే మంచి ఉదాహరణ. అరేబియా సముద్రపు పైనీటిలో కిలోకు సుమారు 36 గ్రాముల లవణాలుంటే, బంగాళాఖాతం ఉత్తరభాగంలో వానకాలం తరువాత 30 గ్రాములకంటె తక్కువే వుంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ బంగాళాఖాతానికే వస్తున్నవి కనుక. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక. అది పైపొరగా నిలిచి, క్రింది చల్లని నీటితో సులభంగా కలవదు. అందువల్ల పైనీరు వెచ్చగా వుండిపోతుంది. ఆ వెచ్చదనం తుఫానులకు బలం చేకూర్చే కారణాలలో ఒకటి.

సరస్సు: నడిమి మజిలీ

నది దారి అయితే, సముద్రం నిలువ అయితే, సరస్సు ఆ రెండింటికి నడిమి మజిలీ. వడిగా వచ్చిన నీరు ఇక్కడ కొంతకాలం ఆగుతుంది. మట్టిని దించుతుంది. నేలలోకి ఇంకుతుంది. తరువాత నెమ్మదిగా ముందుకు సాగుతుంది. ఈ మేలు గ్రహించినందుననే మన పెద్దలు సరస్సు లేనిచోట చెరువు త్రవ్వించారు. 13వ శతాబ్దంలో కాకతీయులు కట్టించిన పాకాల, రామప్ప చెరువులు నేటికీ వున్నవి.

ప్రకృతి సిద్ధమైన సరస్సులలో మనకు కొల్లేరు ముఖ్యమైనది. కృష్ణా గోదావరులు రెండు ప్రక్కలా డెల్టాలను సముద్రంలోకి పెంచుకుంటూ పోగా, నడుమ మిగిలిన పల్లపు నేలయే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు, పలు కాలువలు, మురుగుకాలువలు దీనిలోకి వస్తున్నవి. బయటకు పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు పోయి సముద్రంలో కలుస్తున్నది. ఆ దారి వున్నందుననే కొల్లేరు ఉప్పు పేరుకొనక మంచినీటి సరస్సుగా నిలిచినది.

సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీతవరకు కొల్లేరు వైశాల్యం సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 10 అడుగుల గీతవరకు నిండితే సుమారు 901. అంటే నీరు ఐదడుగులు పెరిగితే సరస్సు దాదాపు మూడింతలు విస్తరిస్తుంది. ఈ రెండు వైశాల్యాల సగటును ఐదడుగులచే, అనగా 1.52 మీటర్లచే గుణించండి. సుమారు 92 కోట్ల ఘన మీటర్లు వస్తుంది. అది 32 టి.ఎం.సి.లకు పైమాటే. వరద వచ్చినపుడు ఇంత నీటిని పట్టి వుంచి, మెల్లగా విడువగల చోటు కొల్లేరు. అయితే ఈ లెక్క నేల ఖాళీగా వున్నప్పటిది. ఆ నేలమీద గట్లు లేస్తే, గట్లు ఆక్రమించినంతమేరా వరదకు చోటు తగ్గుతుంది.

దారి ఇరుకైతే

ఇటీవలి దశాబ్దాలలో జరిగినది అదే. కొల్లేరులో చేపల చెరువులు విస్తారంగా వెలసినవి. 1999లో 5 అడుగుల గీత లోపలి భాగాన్ని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రాంసర్ జాబితాలో కొల్లేరు చేరినది. 2006లో ప్రభుత్వం పెద్దయెత్తున గట్లు కొట్టివేయించినది. పిమ్మట కూడా పలుచోట్ల గట్లు తిరిగి లేచినవి. చేపల పెంపకంమీద వేలాది కుటుంబాలు బ్రతుకుతున్నవి. కనుక ఇది ఒకరిని తప్పుపట్టి ఊరుకొనే వ్యవహారం కాదు. కాని నీటికి ఆ కుటుంబాల గోడు తెలియదు. చోటు వున్నంతవరకే అది నిలుస్తుంది. లేనపుడు వేరొక చోటు వెదుకుతుంది.

2024 సెప్టెంబరు ఆరంభంలో కొల్లేరులో కలిసే బుడమేరుకే గండ్లు పడి, విజయవాడలోని పలు పేటలు రోజుల తరబడి నీటిలో వుండినవి. అతివృష్టి, గండ్లు, ఏటిదారిలో వెలసిన కట్టడాలు అన్నీ దానికి కారణాలే. ఏటి వెడల్పును మనం ఎండకాలంలో చూచి నిర్ణయించుకుంటాం. ఏరు మాత్రం వానకాలంలో తన వెడల్పును గుర్తుచేస్తుంది.

వేసవిలో చిక్కు మరొక తీరున వస్తుంది. పైనుండి వచ్చే మంచినీరు తగ్గినపుడు, సముద్రపు పోటునీరు ఉప్పుటేటి గుండా వెనుకకు ఎక్కుతుంది. అంటే బయటకు పోయే దారి కాస్తా లోపలికి వచ్చే దారి అవుతుంది. మనం మొదట వేసుకున్న మూడు ప్రశ్నలకు జవాబులు మారినందున, నీటి స్వభావం కూడా మారుతున్నది.

"నదినీరు వృథాగా సముద్రంలో కలిసిపోతున్నది" అని తరచు వింటుంటాం. వరదనీటిని కొంత నిలువచేసి వాడుకోవడం అవసరమే. కాని సముద్రం చేరే నీరంతా వృథా అనుకోవడం సరికాదు. ఆ నీరే పాయల ముఖాన ఉప్పునీటిని వెనుకకు నెడుతున్నది. ఆ నీటితో వచ్చే ఒండ్రే డెల్టా అంచును నిలుపుతున్నది. ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోయి, తీరానికి చేరేది తగ్గిన కొద్దీ అలల కోతకు బదులు చెప్పే మట్టి కరువవుతుంది.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఉపాధ్యాయులు రెండు రేకు డబ్బాలు తీసుకొని, ఒకదానికి ప్రక్కన నడిమి ఎత్తున చిన్న రంధ్రం చేయించాలి. రెండవదానికి రంధ్రం వుండరాదు. రెండింటినీ ఎండలో వుంచి, లీటరుకు చెంచాడు ఉప్పు కలిపిన నీటిని రోజూ పోయించాలి. మొదటిదానిలో నీరు రంధ్రంగుండా కారునంతగా పోయాలి. రెండవదానిలో ఆవిరైనంతమేరకే పోసి, అదే మట్టం వుంచాలి. మూడు వారాల తరువాత ఒక్కొక్కదానినుండి ఒక చెంచా నీరు తీసి, వేరువేరు పళ్లాలలో ఎండబెట్టాలి. ఏ పళ్లెంలో ఉప్పు ఎక్కువ మిగిలినదో, ఎందుకు మిగిలినదో పిల్లలచేతనే చెప్పించాలి.

తరువాత ప్రతి విద్యార్థి తన వూరి చెరువును గురించి ఆ మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసుకొని రావాలి. నీరు తెచ్చే వాగు ఏది? మిగులునీరు పోయే అలుగు ఎక్కడ? అక్కడినుండి ఆ నీరు ఏ నదిలో కలుస్తున్నది? పెద్దవారిని అడిగితే, మూసుకుపోయిన వాగుల పేర్లు కూడా చెబుతారు.

మా విద్యార్థి అట్లాగే వ్రాసి తెచ్చాడు. వాళ్ల వూరి చెరువుకు అలుగు వున్నదట. దాని క్రింది కాలువ మాత్రం ఇప్పుడు లేదట. ఆ కాలువ ఏమైనదో కనుక్కోవడం అతని రెండవ ప్రశ్న అయినది. మొదటి ప్రశ్నకంటె ఇదేమీ చిన్నది కాదు.